అంబాసిడర్ తలుపు అట్టలు – ఇంటి దగ్గరే మరమ్మతు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో మాట్లాడేవారు సాధారణంగా కరువు భత్యం బకాయిల గురించో, లైఫ్ సర్టిఫికెట్ల గురించో, ఆరోగ్య కార్డుల గురించో మాట్లాడతారు. వాటి మీద నాకంటే బాగా తెలిసినవారు ఈ హాలులోనే చాలామంది ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు "మీ వదినగారి అంబాసిడర్ తలుపులు మీరే బాగుచేశారట కదా, ఆ సంగతి చెప్పండి, ప్రత్యేక సంచికలో కూడా వేద్దాం" అన్నారు. నేను మెకానిక్కును కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. కనుక నేను చెప్పేదంతా ఒక గుమాస్తా చేసిన పనిగానే వినవలసిందిగా మనవి.

అంబాసిడర్ అంటే మన తరానికి పరిచయం అక్కరలేదు. ఆఫీసు ఆవరణలో చెట్టుకింద తెల్ల కారు, వెనుక సీటు మీద తెల్ల టవలు – అదే మనకు తెలిసిన సర్కారు. ఆ కారును కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1957 నుంచి తయారు చేశారు. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ దానికి మూలం. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. 2017లో ఆ పేరును సైతం 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు వారి ప్యూజో సంస్థకు అమ్మేశారు. ఇప్పుడు మిగిలినవి మన ఇళ్ళ ముందు, షెడ్లలో ఉన్న బండ్లే. వాటిని నిలుపుకొంటామా, తుక్కుకు తోలుతామా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం.

మా అన్నయ్యది 1988 నాటి మార్క్-4. ఆయన 2019లో కాలం చేశారు. ఆ తరువాత బండి తెనాలిలో వాళ్ళ ఇంటి పక్క రేకుల షెడ్డులో మూడేళ్ళు ఉండిపోయింది. మా అన్నయ్య కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. 2022 దసరాకు వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచి, "బాబాయ్, వచ్చే ఏడాది రిజిస్ట్రేషను రెన్యూవల్ ఉంది. ఫీజు కట్టాలి, ఫిట్‌నెస్‌కు తీసుకెళ్ళాలి. లోపల చూస్తే అట్టలన్నీ ఊడి వేలాడుతున్నాయి. తుక్కుకు ఇచ్చేద్దాం, అమ్మకు మీరు చెప్పండి" అన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పు లేదు. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు, ఆ తరువాత అయిదేళ్ళకొకసారి తిరిగి చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెన్యూవల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది.

నేను వదినగారికి చెప్పాను. ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, "ఏమయ్యా, గుంటూరు డాక్టరు దగ్గరికి మొన్న చిన్న కార్లో వెళ్ళాను. ఎక్కేటప్పుడు కిందికి పడిపోయినట్టు కూర్చోవాలి, దిగేటప్పుడు ఇద్దరు లాగాలి. ఈ మోకాళ్ళతో నేను ఒంటరిగా ఎక్కి దిగగలిగిన కారు అదొక్కటే. మీ ఇష్టం" అన్నారు. మిత్రులారా, అంబాసిడర్ సీటు కుర్చీ ఎత్తున ఉంటుందనీ, తలుపు పెద్దగా తెరుచుకుంటుందనీ, చీర కట్టుకున్న పెద్దావిడ వంగకుండా కూర్చోవచ్చుననీ మనందరికీ తెలుసు. కానీ అది ఒక మనిషికి స్వతంత్రం అని నాకు అప్పుడే తట్టింది. ఇంజను చిన్న చిన్న మరమ్మతులతో నడుస్తుందని పాత మెకానిక్కు చెప్పాడు. ఇక మిగిలింది లోపలి పని.

సీటు కుట్టే షాపతను వచ్చి చూశాడు. నాలుగు తలుపుల అట్టలూ, చేయి ఆనించుకునే దిమ్మలూ అన్నీ పీకేసి కొత్తవి వేస్తానన్నాడు. లోపల ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన మెరిసే రెక్సిన్. అడిగిన మొత్తం నా నెల పెన్షను కంటే ఎక్కువ. డబ్బు సంగతి అలా ఉంచినా, రెండు విషయాలు నాకు నచ్చలేదు. ఒకటి, అట్టలు ఎందుకు పాడయ్యాయో అతను తలుపు విప్పి చూడలేదు. రెండు, డ్రైవరు పక్క తలుపుకున్న దిమ్మ మీద మా అన్నయ్య మోచేయి ఆనించి ఆనించి రెక్సిన్ నునుపుగా అరిగి ఉంది. "అది మాత్రం మార్చకండి" అన్నారు వదినగారు. షాపతనికి అది పాత సామాను. కనుక పని మేమే పెట్టుకున్నాం.

అసలీ అట్ట ఏమిటో ముందు చెబుతాను. షాపులవాళ్ళు దీన్ని డోర్ ప్యాడ్ అంటారు. లోపల హార్డ్‌బోర్డు, దాని మీద పలచని స్పాంజి లేక దూది పొర, ఆ పైన రెక్సిన్. అంచు వెంట వెనుక వైపు స్ప్రింగు క్లిప్పులు ఉంటాయి. అవి తలుపు రేకులోని చిల్లుల్లోకి దిగి పట్టుకుంటాయి. హార్డ్‌బోర్డు అంటే చెక్క పీచును వేడి మీద బాగా ఒత్తి చేసిన అట్ట. 1924లో అమెరికాలో విలియం మేసన్ అనే ఆయన కనిపెట్టాడు. దానికి ఒకే ఒక్క శత్రువు నీరు. ఒత్తిన పీచు నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండినా మళ్ళీ పాత మందానికి రాదు. అప్పుడు క్లిప్పు పట్టిన చిల్లు చిరిగి అట్ట వేలాడుతుంది.

మరి తలుపులోకి నీరెలా వస్తుంది? చాలామంది అద్దం దగ్గర రబ్బరు పాడైతేనే వస్తుందనుకుంటారు. కాదు. ఏ కారు తలుపులోనైనా వానకు కొంత నీరు అద్దం పక్కనుంచి లోపలికి జారుతూనే ఉంటుంది. తలుపు కట్టుబడే అలా ఉంటుంది. ఆ నీరు పోవడానికి తలుపు అడుగున చిల్లులు ఉంటాయి. నీరు అట్టకు తగలకుండా రేకుకూ అట్టకూ మధ్య ఒక ప్లాస్టిక్ షీటు ఉంటుంది. ఈ రెండూ సరిగా ఉన్నంతకాలం అట్టకు ఢోకా లేదు. చిల్లులు పూడినా, షీటు చిరిగినా అట్ట పని అయిపోయినట్టే. రోగం తలుపుది, బాధ అట్టది. పాత అట్ట తీసి కొత్తది వేస్తే వచ్చే వానాకాలానికి మళ్ళీ అదే కథ.

ఇక పని క్రమం చెబుతాను. కాగితం, పెన్సిలు ఉన్నవారు రాసుకోవచ్చు.

మొదట విప్పడం. అద్దం పూర్తిగా పైకి ఎత్తి పెట్టుకోవాలి. అద్దం తిప్పే పిడి ఏ కోణంలో ఉందో, తలుపు తీసే పిడి ఎటు ఉందో బొమ్మ గీసుకోవాలి. దిమ్మ కింది స్క్రూలు తీయాలి. పిడులు ఒక్కొక్క కారుకు ఒక్కొక్క రకంగా బిగిస్తారు. కొన్నిటికి మధ్యలో స్క్రూ ఉంటుంది, కొన్నిటికి వెనుక గుర్రపు నాడా ఆకారంలో స్ప్రింగు ఉంటుంది. మా బండికి పిడి వెనుక గుండ్రటి బిళ్ళను లోపలికి నొక్కితే చిన్న పిన్ను కనిపిస్తుంది. సన్నటి మేకుతో దాన్ని అవతలికి తోస్తే పిడి ఊడి వస్తుంది. ఆ పిన్ను కిందపడితే మళ్ళీ దొరకదు కనుక కింద పాత దుప్పటి పరచుకోవాలి. ఏ తలుపు సామాను ఆ తలుపుకే విడిగా ఉంచాలి. మన ఇళ్ళల్లో మాత్రల డబ్బాలకు కరువు లేదు కదా. షుగరు మాత్రల డబ్బాలు నాలుగు తీసుకుని, ఒక్కొక్కదాని మీద ఏ తలుపో చీటీ అంటించాను. ఆఫీసులో నేర్చిన విద్యల్లో ఇంటికి పనికొచ్చింది ఇదే.

క్లిప్పులు ఊడదీయడానికి గోడలకు లప్పం పెట్టే వెడల్పాటి రేకు బాగా పనికొస్తుంది. దానికి గుడ్డ చుట్టి, అడుగు అంచు నుంచి మొదలుపెట్టి, సరిగ్గా క్లిప్పు పక్కనే దూర్చి లేపాలి. రెండు క్లిప్పుల నడుమ పట్టి లాగితే అట్ట చిరుగుతుంది. మామూలు స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెయింటు లేస్తుంది, అక్కడ తుప్పు మొదలవుతుంది.

అట్ట తీశాక లోపల కనిపించింది ఏమిటంటే – ప్లాస్టిక్ షీటు పీలికలు, అడుగున వేపాకులు కుళ్ళి మట్టిలా గట్టిపడిన ముద్ద, అందులో ఒక 20 పైసల బిళ్ళ. నీరు పోయే చిల్లులన్నీ పూడిపోయి ఉన్నాయి. అట్ట అడుగు భాగం నాలుగు వేళ్ళ ఎత్తున ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది. పై భాగం మాత్రం గట్టిగానే ఉంది.

రెండవది తలుపు లోపలి శుభ్రం. మట్టి తీసి, చిల్లులను వైరుతో పొడిచి, నీళ్ళతో కడిగి, తలుపులు తెరిచి రెండు రోజులు ఎండనివ్వాలి. తుప్పును ఇనుప బ్రష్షుతో, ఎమిరీ కాగితంతో గీకాలి. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే పై తుప్పే. లోపలికి దిగితే అది వెల్డింగు చేసేవారి పని, మనది కాదు. మాకు ఎడమవైపు వెనుక తలుపు ఒక్కటే అలా దిగింది. ఆ తలుపుకు టింకరింగ్ చేసే అబ్బాయి చిన్న రేకు ముక్క అతికాడు. మిగతా చోట్ల రెడ్ ఆక్సైడు ఒక పూత, ఆరాక పెయింటు రెండు పూతలు వేశాను. పెయింటు వేసేటప్పుడు ఆ చిల్లులు మళ్ళీ పూడకుండా ఒక్కొక్క దానిలో అగ్గిపుల్ల గుచ్చి ఉంచితే చాలు. అద్దం ఎత్తే యంత్రానికి గ్రీజు పెట్టడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. అద్దం అంచు రబ్బరు పట్టీలు విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి. పాత ముక్క చేతిలో పట్టుకెళ్ళి సరిచూసి తెచ్చుకోవాలి, మాటలతో చెబితే వేరేది ఇస్తారు.

మూడవది కొత్త అట్ట. ఇక్కడే షాపతను చెప్పిన ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు సంగతి వస్తుంది. మందం ఎక్కువైతే గట్టిగా ఉంటుందని ఆశ పుడుతుంది. కానీ అద్దం తిప్పే ఇరుసు తలుపులోంచి బయటకు వచ్చేది కొద్దిగానే. అట్ట మందమైతే పిడికి పట్టు చాలదు. క్లిప్పులు కూడా పాత మందానికి సరిపోయేట్టు చేసినవే. కనుక పాత అట్ట చెడని చోట మందం కొలిచి అంతే మందం కొనాలి. మాకు మూడు మిల్లీమీటర్లు వచ్చింది. అంత మందంలో మంచి ప్లైవుడ్డు దొరికినా వాడవచ్చు. నేను హార్డ్‌బోర్డే తీసుకున్నాను. వంపు తిరిగే చోట అది బాగా ఒదుగుతుంది.

పాత అట్టను పెద్ద బ్రౌను కాగితం మీద పెట్టి చుట్టూ గీయాలి. ప్రతి చిల్లునూ గుర్తించాలి. అడుగు అంచు కుళ్ళిపోయి ఆకారం తెలియకపోతే కంగారు పడనక్కరలేదు. ఎడమ తలుపు, కుడి తలుపు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. ఒకదాని అంచు పోతే రెండవదాని మీద గీసిన కాగితాన్ని తిరగేసి వాడుకోవచ్చు. రెండూ పోతే తలుపు రేకు మీదే కాగితం పరిచి, క్లిప్పు చిల్లులు వేలితో తడిమి గుర్తు పెట్టుకోవచ్చు. కోత పని మాత్రం వడ్రంగి చేత చేయించాను. చేతి వణుకు ఉన్నవారు రంపం జోలికి పోకపోవడం మంచిది. క్లిప్పు చిల్లులు డ్రిల్లు వేసి సన్నటి ఆకురాయితో సాఫు చేసుకోవచ్చు.

కోసిన అట్టను రెక్సిన్ వేయకముందే తలుపుకు బిగించి చూడాలి. క్లిప్పులన్నీ వాటి చిల్లుల్లో పడుతున్నాయా, పిడులు తిరుగుతున్నాయా, తలుపు మూస్తే ఎక్కడైనా తగులుతుందా – అన్నీ అప్పుడే చూసుకోవాలి. రెక్సిన్ అతికాక సర్దుబాటుకు వీలుండదు. ఆ తరువాత అట్టకు రెండు పక్కలా వార్నిషు వేయాలి. అంచులకు, చిల్లుల లోపలి అంచులకు మూడు పూతలు వేయాలి. నీరు తాగేది అంచుల నుంచే. ఈ వార్నిషు ఖర్చు వంద రెండు వందల లోపే. కానీ అట్ట ఆయుస్సు దాని మీదే ఆధారపడి ఉంది.

నాలుగవది రెక్సిన్. ఇది ఒకప్పుడు ఇంగ్లండులో ఒక కంపెనీ తయారుచేసిన గుడ్డ పేరు. ఇప్పుడు మనం రెక్సిన్ అనేది పి.వి.సి. పూత పూసిన గుడ్డను. పి.వి.సి. స్వతహాగా గట్టి పదార్థం. మెత్తదనం కోసం అందులో ఒక రకం నూనె వంటిది కలుపుతారు. ఎండకు అది మెల్లమెల్లగా బయటకు పోతుంది. ఎండలో నిలిపిన కారు అద్దాల లోపలి వైపు జిడ్డుగా మసక కమ్మడానికి ఒక కారణం అదే. ఆ నూనె పోయిన కొద్దీ రెక్సిన్ బిరుసెక్కి పగులుతుంది. అందుకని మురికి వదిలించడానికి పెట్రోలు, థిన్నరు వాడకూడదు. అవి ఉన్న మెత్తదనాన్ని కూడా లాగేస్తాయి. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బు, పాత పళ్ళ బ్రష్షు, తరువాత తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ. ఇంతే. పాత రెక్సిన్ ఎంతవరకు బతికి ఉందో కడిగితే గాని తెలియదు. మా బండి ముందు తలుపుల రెక్సిన్ ముప్పై ఏళ్ళ మురికి వదిలాక నీలం రంగు తేలి బాగానే ఉందని తెలిసింది. తలకు వాడే వేడిగాలి డ్రయ్యరుతో కొద్దికొద్దిగా వెచ్చచేస్తూ, పాత అట్ట నుంచి మెల్లగా ఒలిచి, దాన్నే కొత్త అట్టకు వేశాం. వెనుక రెండింటికి మాత్రం కొత్త రెక్సిన్ తేవలసి వచ్చింది.

పాత ప్యాడ్ల మీద నిలువు గీతలు కనిపిస్తాయి చూడండి, అవి కుట్లు కావు. ఫ్యాక్టరీలో యంత్రం మీద వేడితో ఒత్తి అతికించినవి. ఇంట్లో అవి రావు. వాటి బదులు కుట్టు వేసుకోవాలి. కుట్టు పని వదినగారు తీసుకున్నారు. ఆవిడ దగ్గర పాత చేతి మిషను ఉంది. రెక్సిన్ కుట్టడానికి లావు సూది వేయాలి. కుట్లు దూరం దూరంగా పడాలి. దగ్గర దగ్గరగా పడితే తపాలా బిళ్ళల కాగితానికి పెట్టిన చిల్లుల మాదిరిగా ఆ గీత వెంటే చిరుగుతుంది. ఇంకొక ఇబ్బంది ఏమిటంటే మిషను పాదం రెక్సిన్‌కు అంటుకుపోయి గుడ్డ ముందుకు జరగదు. వదినగారు పాదం కింద పల్చటి కాగితం పట్టీ పెట్టి కుట్టి, తరువాత కాగితం చింపేశారు. ఈ ఉపాయం నాకు ఏ షాపతనూ చెప్పలేదు. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. రోజుకు రెండు గీతల చొప్పున నాలుగు రోజుల్లో వెనుక తలుపులు రెండూ పూర్తిచేశారు.

అయిదవది అతికించడం. మామూలు తెల్ల జిగురు ఇక్కడ పనికిరాదు. అది నీళ్ళ జిగురు, చెమ్మ తగిలితే వదులుతుంది. చెప్పులు కుట్టేవారు వాడే పసుపు రంగు రబ్బరు సొల్యూషను కావాలి. హార్డ్‌వేరు షాపుల్లో డబ్బాలుగా అమ్ముతారు. దాన్ని అట్టకూ, రెక్సిన్ వెనుకకూ – రెండింటికీ పల్చగా రాయాలి. రాసిన వెంటనే అతికించకూడదు. పది పదిహేను నిమిషాలు ఆగి, వేలు పెడితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు కలపాలి. కలిపాక పట్టు వెంటనే వస్తుంది, మళ్ళీ తీసి సరిచేయడం కుదరదు. అందుకని రెండింటి మధ్య పాత కాగితం పరిచి, నడిమి భాగం ముందు అతికించి, కాగితాన్ని కొద్దికొద్దిగా లాగుతూ అంచుల వైపు వెళ్ళాలి. గాలి బుడగలు అరచేతితో బయటకు తోయాలి. అంచు దగ్గర రెండు సెంటీమీటర్లు వెనక్కి మడవాలి. గుండ్రటి మూలల దగ్గర మడత లావెక్కకుండా త్రిభుజాకారంలో చిన్న గాట్లు పెట్టాలి. ఆ గాటు అంచు దాకా రాకూడదు, వస్తే ముందుకు కనిపిస్తుంది. స్టేపులర్ పిన్నులు కొట్టాలంటే మూడు మిల్లీమీటర్ల అట్టలోంచి పొడుచుకు వస్తాయి. కనుక మేము ఫైళ్ళకు పెట్టే నల్ల క్లిప్పులు అంచు చుట్టూ పెట్టి రాత్రంతా వదిలేశాం. పాతిక క్లిప్పులు కావలసి వచ్చాయి. రిటైరైనవాడి దగ్గర అవి ఎలా ఉన్నాయని అడగకండి, బజారులో కొన్నవే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ సొల్యూషను ఆవిరికి తల తిరుగుతుంది, నిప్పు అంటుకుంటుంది. తలుపులు మూసిన గదిలో వద్దు. దేవుడి దీపం, గ్యాసు పొయ్యి, సిగరెట్టు దరిదాపుల్లో ఉండకూడదు. వరండాలో, గాలి ఆడే చోట చేసుకోవాలి. ఆయాసం, ఉబ్బసం ఉన్నవారు ఈ ఒక్క పనీ మనవళ్ళకు అప్పగించి దూరంగా కూర్చుని చెప్పడం మేలు. వానాకాలంలో అట్ట, గుడ్డ చెమ్మగా ఉంటాయి కనుక ఆ పని అప్పుడు పెట్టుకోకూడదు. మేము సంక్రాంతి ఎండల్లో చేశాం.

ఆరవది తిరిగి బిగించడం. అట్ట పెట్టకముందే మందపాటి ప్లాస్టిక్ షీటు తలుపు రేకుకు చుట్టూ అంటించాలి. దాని అడుగు అంచు మాత్రం తలుపు రేకులో ఉన్న ఖాళీలోంచి లోపలికి దూరి ఉండాలి. అప్పుడు షీటు మీద జారిన నీటిచుక్క తలుపు లోపలే పడి చిల్లులోంచి బయటకు పోతుంది. అంచు బయటకు ఉంటే ఆ చుక్క నేరుగా అట్ట మీద పడుతుంది. ఇది అయ్యాక ఒక పరీక్ష ఉంది. అద్దం ఎత్తి పెట్టి, చెంబుతో అద్దం మీద నీళ్ళు పోయాలి. తలుపు అడుగు చిల్లుల నుంచి నీరు కారాలి, షీటు ఇవతలి పక్క పొడిగా ఉండాలి. అలా ఉంటేనే అట్ట బిగించాలి. క్లిప్పు ఎక్కడుందో అక్కడ అరచేతితో ఒత్తితే 'టక్కు'మని దిగుతుంది. సుత్తి అక్కరలేదు. వంగిన, తుప్పు పట్టిన క్లిప్పులు మళ్ళీ వాడకుండా కొత్తవి వేసుకోవాలి.

డ్రైవరు పక్క దిమ్మను విప్పి, వెనుక తుప్పు స్క్రూలు మార్చి, తడిగుడ్డతో తుడిచి, అలాగే తిరిగి బిగించాం. ఆ అరుగు అలాగే ఉంది. కొత్త అట్ట మీద పాత దిమ్మ చూసి మా వాడు "బాబాయ్, అదొక్కటీ మాసినట్టు కనిపిస్తోంది" అన్నాడు. వాళ్ళమ్మ జవాబు చెప్పలేదు. తలుపు తీసి, ఆ దిమ్మ మీద తన మోచేయి పెట్టి కాసేపు కూర్చున్నారు. వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొత్తం పని రెండు నెలలు పట్టింది. రోజుకు గంట, గంటన్నరకు మించి చేయలేదు. ఖర్చు షాపతను అడిగిన దాంట్లో మూడవ వంతు కూడా కాలేదు. బండి 2023లో ఫిట్‌నెస్‌కు వెళ్ళి రెన్యూవల్ అయింది. వదినగారు నెలనెలా గుంటూరు డాక్టరు దగ్గరికి అందులోనే వెళ్ళి వస్తున్నారు. ఎక్కడానికీ దిగడానికీ ఎవరి చేయీ పట్టుకోవడం లేదు. మొదటి నెల మాత్రం ఆ సొల్యూషను వాసనకు అద్దాలు దించి వెళ్ళారు. ఇప్పుడు అద్దం పిడి ఒక్క చేత్తో తిరుగుతోంది కనుక అదీ ఇబ్బంది కాలేదు.

కాగితాల సంగతి చెప్పకపోతే నేను గుమాస్తాను కాను. ఇంటి పెద్ద పేరున వాహనం ఉండి ఆయన కాలం చేస్తే, వారసులు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. మూడు నెలల్లోగా ఫారం 31 మీద పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. పక్కనున్న మనలాంటివారే గుర్తుచేయాలి. రెండవది, 15 ఏళ్ళు దాటిన వాహనాలు నడపకూడదన్న మాట చాలామంది నోట వింటున్నాను. 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషను రద్దయినవి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలు. ఢిల్లీ ప్రాంతం నియమాలు వేరు. మన దగ్గర సొంత కారు ఫిట్‌నెస్ ఉంటే రెన్యూవల్ చేయించుకోవచ్చు. ఫీజులు మారుతుంటాయి కనుక కట్టేముందు కార్యాలయంలో కనుక్కోవాలి. మూడవది, 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని వాహనాలను వింటేజి వాహనాలుగా విడిగా నమోదు చేసే నియమాలు 2021లో వచ్చాయి. అలా నమోదైన బండిని రోజువారీ వాడకానికి తీయకూడదు. మా బండికి ఆ వయస్సు 2038లో వస్తుంది. అప్పటికి దాని సంగతి మా అన్నయ్య మనవడు చూసుకుంటాడు. తలుపులు విప్పేటప్పుడు వాడు నా పక్కనే కూర్చుని మాత్రల డబ్బాలు పట్టుకున్నాడు.

చివరగా ఒక్క మాట. మన వయస్సులో ఇలాంటి పని పెట్టుకునేవారు నేల మీద వంగి చేయకూడదు. ఎత్తు పీట వేసుకోవాలి, అట్టను బల్ల మీద పెట్టుకోవాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, బరువులు కుర్రవాళ్ళ చేత ఎత్తించాలి. తొందర అసలు వద్దు. మన ఇళ్ళల్లో కారే ఉండాలని లేదు. తలుపు వదులైన బీరువా, పాదం బిగిసిన కుట్టు మిషను, నవారు తెగిన మంచం – ఏదైనా ఒకటి ఉంటుంది. దాన్ని పారేసే ముందు ఒకసారి విప్పి చూడండి. లోపల పాడైంది ఎంత, బాగున్నది ఎంత అన్నది విప్పితేనే తెలుస్తుంది. దాని మీద కూర్చునే మనిషి, దాన్ని వాడే మనిషి ఏమనుకుంటున్నారో కూడా ఒకసారి అడగండి.

 పని పెట్టుకోదలచిన వారెవరైనా ఉంటే నా దగ్గర గీసుకున్న బ్రౌను కాగితాలు నాలుగు తలుపులవీ భద్రంగా ఉన్నాయి. అంబాసిడర్ మార్క్-4 వారికి నిస్సంకోచంగా ఇస్తాను. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం రిజిస్టరులో సంతకం పెట్టాలి.